దాణా మిల్లులో ఎలుకలు: విషం ఎంతవరకు, సంతాన నిరోధం ఎప్పటినుంచి

నన్ను పిలిచేసరికే ఆ పశువుల దాణా మిల్లులో ఆరు నెలలుగా మందు పెడుతున్నారు. పనివాళ్ళు వారానికోసారి జింక్ ఫాస్ఫైడ్ కలిపిన పిండి ఉండలు గోడల వెంట వేసేవారు. మొదటి వారం రోజూ చచ్చిన ఎలుకలు దొరికాయి. రెండో వారానికి ఒకటీ అరా. ఆ తర్వాత ఉండలు వేసినవి వేసినచోటే ఎండిపోసాగాయి. బస్తాలకు కన్నాలు పడటం మాత్రం ఆగలేదు. గేటు దగ్గర కలవగానే యజమాని అడిగిన మొదటి మాట, "ఇంతకంటే ఘాటైన మందు లేదా అండీ?"

పద్నాలుగు నెలలు అక్కడ పనిచేశాక ఈ కేసు రాస్తున్నాను. వాళ్ళు వాడిన మందు ఘాటుకు లోటేమీ లేదు. పనుల వరస తప్పింది, అంతే. తిండి, చోటు, విషం, సంతాన నిరోధం: ఈ నాలుగింటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది కుదరకపోతే ఎంత మంచి మందైనా వృథా పోతుంది. మధ్యలో నేను చేసిన తప్పు వల్ల ఒక గుడ్లగూబ చనిపోయింది. దాన్ని కూడా ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో ఉన్నవాళ్ళు తప్పులు రాయకపోతే తర్వాత వచ్చేవాళ్ళు అవే తప్పులు చేస్తారు.

మొదటి వారం, విషం లేకుండా

స్థలం ఇలా ఉంది. రెండు గోదాములు, వాటి మధ్య మిల్లు, ముందు లారీలు ఆగే జాగా, వెనక గోడ పొడవునా మురుగు కాలువ, కాలువ అవతల ఎవరూ వాడని బీడు. తూర్పు మూల ఒక పాత రేకుల షెడ్డు. దాని దూలాల మీద ఒక గుడ్లగూబల జంట కాపురం ఉంటోంది. షెడ్డు నేల మీద అవి కక్కిన ముద్దలు, అంటే అరగని బొచ్చూ ఎముకలూ కలిసిన ఉండలు, గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. కొన్ని నీళ్ళలో నానబెట్టి విప్పి చూశాను. దాదాపు అన్నిట్లోనూ ఎలుక పుర్రెలే. జీతం లేకుండా పనిచేసే వేటగాళ్ళు అక్కడ ముందే ఉన్నారన్నమాట.

మొదటి వారం విషం ముట్టుకోలేదు. 30 చోట్ల పెట్టెల్లో ఉత్త గోధుమలు తూచి పెట్టి, రోజూ ఉదయం మిగిలినవి తూచాను. ఎలుకల్ని తలలు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అవి ఎక్కడ ఎంత తింటున్నాయో తెలిస్తే, ఎక్కడ ఎన్ని ఉన్నాయో ఓ అంచనా వస్తుంది. నేల ఎలుక రోజుకు సుమారు 25 గ్రాములు తింటుంది. పెట్టెల ముందు సుద్దపొడి చల్లిన పలకలు వేస్తే కాలిగుర్తులు పడతాయి. నాలుగు చోట్ల కెమెరాలు కూడా పెట్టాను.

మొదటి రెండు రాత్రులు పెట్టెల్లో గింజ కదల్లేదు. యజమాని టెన్షన్ పడ్డారు. నాకది మామూలే. కొత్త వస్తువు కనిపిస్తే ఎలుక నాలుగైదు రోజులు దాని చుట్టూ తిరుగుతుంది తప్ప దగ్గరికి రాదు. ఐదో రోజుకు వెనక గోడ వెంట పెట్టెలన్నీ ఖాళీ. మిల్లు లోపల మాత్రం గోధుమలు అలాగే ఉన్నాయి. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. కన్వేయర్ కింద అరచేతి మందాన దాణా పొడి పేరుకుని ఉంది. నెత్తిమీద విందు ఉంటే పెట్టెలో గింజలకోసం ఏ ఎలుక వస్తుంది?

పాత మందు ఎందుకు పనిచేయడం మానేసిందో కూడా అప్పుడే తేలింది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిస్తే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. చాలినంత తిన్న ఎలుక గంటల్లో చస్తుంది. కొద్దిగా కొరికి చూసిన ఎలుకకు వెంటనే బాధ మొదలవుతుంది కాబట్టి తినడం ఆపేస్తుంది. అది బతికితే ఆ రుచినీ ఆ వాసననూ ఆ బాధతో ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది, ఇక ఆ ఉండ ముట్టదు. దీన్ని మేం ఎర బెదురు అంటాం. అందుకే ఈ మందు వాడే ముందు మూడు నాలుగు రోజులు అదే పిండిని విషం లేకుండా పెట్టి మచ్చిక చేయాలి. అప్పుడు విషం కలిపిన రోజు కడుపునిండా తింటాయి. ఇక్కడ ఆ పని ఎవరూ చేయలేదు. పైగా ప్రతి వారం అదే ఉండ, అదే వాసన. బతికిన ప్రతి ఎలుకకూ వారం వారం పాఠం చెప్పినట్టయింది. ఫాస్ఫీన్‌కు విరుగుడు లేదు. అయినా పనివాళ్ళు ఆ ఉండలు ఉత్త చేతులతో కలిపారని తెలిసినప్పుడు నాకు ఎలుకలకంటే వాళ్ళ గురించే దిగులేసింది. ఆ రోజే మిగిలిన మందంతా వెనక్కి ఇప్పించేశాను.

ముందు చీపురు, తర్వాత మందు

రెండో వారం పని శుభ్రం చేయడమే. కన్వేయర్ కింద రోజుకు రెండుసార్లు ఊడ్చాలి, చిరిగిన బస్తాలు అదే రోజు మార్చాలి, బస్తాల వరసలు గోడకు అరమీటరు ఎడంగా, చెక్క పలకల మీద పెట్టాలి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. తిండి ముందు తీసేయాలి గానీ, ఎలుకలు దాక్కునే చోట్లు అప్పుడే తీసేయకూడదు. చెత్త కుప్పలు, పాత యంత్రాలు, కలుగులు ముందే కదిలిస్తే ఎలుకలు చెదిరిపోయి మనకు తెలియని చోట కొత్త కలుగులు తవ్వుకుంటాయి. అప్పుడు ఎర ఎక్కడ పెట్టాలో మళ్ళీ మొదటినుంచి వెతకాలి. తిండి కరువై, ఇల్లు మాత్రం పదిలంగా ఉన్న ఎలుకే పెట్టెలోకి వస్తుంది. మేనేజరుకు ఆ పాత ఇనుప సామాను వెంటనే బయట పారేయాలని తొందర. నెల ఆగమని బతిమాలాల్సి వచ్చింది.

మందు ఎంపికలో నేను రెండు రోజులు తటపటాయించాను. ఎర బెదురు ఉన్నచోట ఆలస్యంగా పనిచేసే మందే దారి. రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఆ కోవలోవి. అవి ఒంట్లో విటమిన్ కె మళ్ళీ మళ్ళీ తయారు కాకుండా అడ్డుకుంటాయి. తిన్న మూడు నుంచి ఏడు రోజుల్లో ఎలుక లోపలి రక్తస్రావంతో చస్తుంది. ఏం తిని ఈ గతి పట్టిందో దానికి తెలియదు, తోటి ఎలుకలకూ తెలియదు. ఇంకో మేలు, వీటికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. పొరపాటున కుక్కో పిల్లవాడో తిన్నా వైద్యానికి సమయం దొరుకుతుంది.

ఈ కుటుంబంలో పెద్దది వార్ఫరిన్. ఎలుకల మందుగా 1948లో వచ్చింది. పదేళ్ళకే, 1958లో, స్కాట్లాండ్‌లో దానికి లొంగని ఎలుకలు బయటపడ్డాయి. అందుకే 1970లలో రెండో తరం మందులు వచ్చాయి. వాటిలో బ్రోడిఫాకమ్ ఒక్కసారి తింటే చాలు. కానీ అది కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది, ఆ ఎలుకను తిన్న పక్షికీ చేరుతుంది. షెడ్డులో గుడ్లగూబలున్న చోట అది వద్దనుకున్నాను. 0.005 శాతం బ్రోమాడియోలోన్ మైనపు దిమ్మెలు తీసుకున్నాను. ఇది కూడా రెండో తరం మందే, పక్షులకు ప్రమాదం లేదని కాదు. అందుకే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను. తాళం వేసే పెట్టెల్లోనే దిమ్మెలు పెట్టాలి. పెట్టెలు ఎప్పుడూ నిండుగా ఉంచకుండా వారానికోసారి కొద్దికొద్దిగా పెట్టాలి. షెడ్డుకు 50 మీటర్ల లోపల విషమే ఉండకూడదు, అక్కడ స్ప్రింగు బోనులే వాడాలి. వారానికోసారి పెట్టడం వెనక లెక్క ఉంది. చావడానికి చాలినంత తిన్న ఎలుక ఇంకా నాలుగు రోజులు బతికి ఉంటుంది. పెట్టె నిండుగా ఉంటే ఆ నాలుగు రోజులూ తింటూనే ఉంటుంది, దాని ఒంట్లో అక్కర్లేని విషం నిండుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబ మీద పడే భారం కూడా అంతకంతా పెరుగుతుంది.

మూడు వారాల్లో మిల్లు లోపల పలకల మీద గుర్తులు దాదాపు పోయాయి. బస్తాలకు కొత్త కన్నాలు ఆగాయి. యజమాని సంతోషించారు. నేను మాత్రం వెనక గోడ వైపు చూస్తున్నాను. కాలువ పక్కనున్న ఆరు పెట్టెల్లో దిమ్మెలు తగ్గుతూనే ఉన్నాయి, ఏ వారమూ మార్పు లేదు.

చావడం లేదా, కొత్తవి వస్తున్నాయా

ఒకే చోట మందు అదే పనిగా ఖర్చవుతుంటే రెండే కారణాలు. అక్కడి ఎలుకలు మందుకు లొంగడం లేదు, లేదా చచ్చినవాటి స్థానంలో బయటినుంచి కొత్తవి వస్తున్నాయి. ఈ రెంటికీ చికిత్స పూర్తిగా వేరు. మొదటిదైతే మందు మార్చాలి, రెండోదైతే మందు మార్చినా ఏమీ కాదు. చాలామంది ఈ తేడా చూడకుండానే ఇంకా బలమైన మందుకు వెళ్ళిపోతారు. నా అనుభవంలో ఈ రంగంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే.

రెండు పనులు చేశాను. కాలువ పక్కన బోనుల్లో పడ్డ ఎలుకల తోక చివరలు కోసి ప్రయోగశాలకు పంపాను. ఈ మందులకు లొంగకపోవడానికి ముఖ్యమైన మార్పు వికేఓఆర్‌సీ1 అనే జన్యువులో ఉంటుంది. 2004లో దాన్ని గుర్తించినప్పటి నుంచి పరీక్షతో తేల్చుకోవచ్చు. రెండో పని చవకైనది. విషం లేని, రంగు కలిపిన ఎరను గోడ బయట, బీడు వైపు మాత్రమే పెట్టాను. ఆ రంగు తిన్న ఎలుక పెంటికల్లోకి అలాగే వస్తుంది. నాలుగో రోజు పొద్దున గోదాము లోపల, ఉత్తరం గోడ మూల, నీలం పెంటికలు కనిపించాయి.

ప్రయోగశాల ఫలితంలో ఆ మార్పు లేదు. మందు పనిచేస్తోంది, చావాల్సినవి చస్తున్నాయి. బీడు నుంచి కాలువ తూముల గుండా కొత్తవి లోపలికి వస్తున్నాయి. మేం వాటికి ఖాళీ ఇళ్ళు సిద్ధం చేసి పెడుతున్నాం.

ఆ రోజుల్లోనే యజమాని ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. సౌత్ జార్జియా దీవి మీద హెలికాప్టర్లతో ఎర చల్లి ఎలుకల్ని పూర్తిగా లేకుండా చేసిన కథ అది. "అంత పెద్ద దీవిలోనే చేయగలిగారు, మన మిల్లులో ఎందుకు కాదు?" అన్నారు. మంచి ప్రశ్న. అక్కడ 2011 నుంచి 2015 వరకు సుమారు 1,000 చదరపు కిలోమీటర్ల నేల మీద బ్రోడిఫాకమ్ ఎర చల్లారు. 2018లో ఎలుకలు లేవని ప్రకటించారు. అక్కడ పని ముగియడానికి కారణం చుట్టూ ఉన్న సముద్రం. ఆఖరి ఎలుక చచ్చాక ఇంకొకటి నడిచి రాదు. మన మిల్లు చుట్టూ బీడు ఉంది. ఇక్కడ ఆఖరి ఎలుక అంటూ ఉండదు, మరుసటి ఎలుక ఉంటుంది.

గుడ్లగూబ

ఏడో వారం సోమవారం పొద్దున షెడ్డు వెనక ఒక గుడ్లగూబ చచ్చి పడి ఉంది. ముక్కు దగ్గర రక్తం. దాన్ని పరీక్షకు పంపితే ఒళ్ళంతా లోపలి రక్తస్రావం, కాలేయంలో బ్రోమాడియోలోన్ ఉన్నాయని వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందో రాసిపెట్టుకున్న లెక్కలే చెప్పాయి. 50 మీటర్ల గీత నేను కాగితం మీద గీశాను. విషం తిన్న ఎలుకకు ఆ గీత తెలియదు. చచ్చేముందు రెండు మూడు రోజులు అది మందకొడిగా, పట్టపగలు కూడా ఆరుబయట తిరుగుతుంది. వేటాడే పక్షికి అంతకంటే సులువైన తిండి ఉండదు. పైగా రోజూ చచ్చిన ఎలుకల్ని ఏరాలన్న నియమాన్ని శని, ఆదివారాల్లో పనివాళ్ళు తక్కువని నేనే సడలించాను. కొత్తవి వస్తున్నాయని తేలాక కూడా కాలువ పక్క పెట్టెలు రెండు వారాలపాటు తీయలేదు. తగ్గని చోట మందు కొనసాగించడమంటే గుడ్లగూబకు మేత వేయడమేనని నాకు తెలిసి ఉండాల్సింది. రెండో పక్షి దూలం మీద ఒంటరిగా కూర్చుని ఉండటం చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ రోజే ఆరుబయట పెట్టెల్లో దిమ్మెలన్నీ తీసేశాం. రక్తం గడ్డకట్టనివ్వని మందులు మూసిన గోదాముల్లో తప్ప ఇక ఎక్కడా వాడలేదు. బయట బోనులు పెట్టాం. మరీ తప్పని రెండు చోట్ల కోలెకాల్సిఫెరాల్ వాడాం. అది విటమిన్ డి3నే, ఎక్కువ మోతాదులో రక్తంలో కాల్షియం పెంచి చంపుతుంది. చచ్చిన ఎలుకను తిన్న పక్షికి దానివల్ల ముప్పు తక్కువ. చచ్చిన ఎలుకల ఏరివేత మాత్రం ఏడు రోజులూ, ఉదయం సాయంత్రం, ఒక మనిషి పేరు మీద రాసి పెట్టాం.

చంపని మందు

విషం ఆపితే పెరుగుతాయి, ఆపకపోతే పక్షులు పోతాయి. ఇక్కడ సంతాన నిరోధం సంగతి ఎత్తాను. యజమాని మొహంలో అనుమానం స్పష్టంగా కనిపించింది. "ఎలుక బతికే ఉంటుంది, దానికి మనం మందు పోయాలి, అంతేనా అండీ?" అన్నారు. అవును, అంతే. కానీ లెక్క చూడండి అన్నాను. ఆడ ఎలుక సుమారు 22 రోజులు మోస్తుంది. ఈనిన మర్నాటికే మళ్ళీ కట్టగలదు. ఈతకు సుమారు ఎనిమిది పిల్లలు. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో ఈతకొస్తాయి. విషం పెట్టాక మిగిలిన పది ఆడ ఎలుకలు ఒక్క ఈతలో 80 పిల్లల్ని పెట్టగలవు. పైగా గుంపు పలచబడ్డాక తిండి, చోటు పుష్కలంగా దొరుకుతాయి కాబట్టి ఆ పిల్లల్లో బతికేవీ ఎక్కువే. విషం ఆపిన కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికి రావడానికి కారణం ఇదే.

మేం వాడింది తాగే మందు. అందులో రెండు పదార్థాలు ఉంటాయి. 4-వినైల్‌సైక్లోహెక్సీన్ డైఎపాక్సైడ్ అండాశయంలోని చిన్న అండకోశాల్ని నాశనం చేస్తుంది. ట్రిప్టోలైడ్ ఎదుగుతున్న అండకోశాల్నీ, మగవాటిలో వీర్యకణాల్నీ దెబ్బతీస్తుంది. ఈ జంటతో తయారైన కాంట్రాపెస్ట్‌ను అమెరికా పర్యావరణ సంస్థ 2016లో నమోదు చేసింది. ఏ దేశంలోనైనా అనుమతి ఉంటేనే వాడాలి, లైసెన్సు ఉన్నవాళ్ళే వాడాలి. పొడి దాణా తినే ఎలుకకు నీళ్ళు తప్పవు కాబట్టి మిల్లులో తాగే మందు బాగా నప్పింది. దాణా పొడి ఊడ్పించినట్టే, కారుతున్న కుళాయిలు కూడా బాగుచేయించాం, లేకపోతే ఈ పెట్టెల దగ్గరికి ఎవరూ రారు.

దీన్ని మొదటి రోజే ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. గుంపు నిండుగా ఉన్నప్పుడు బలమైన ఎలుకలే పెట్టెను ఆక్రమిస్తాయి, బలహీనమైనవాటికి చుక్క అందదు. అందినా, కనకుండా ఉన్న ఎలుక బస్తాలు కొరకడం మానదు. ముందు విషంతో, బోనులతో గుంపును దించి, ఆ తర్వాత దాన్ని అక్కడే పట్టి ఉంచడానికి ఈ మందు. ఇంకో సంగతి కూడా చూడాలి, జంతువు ఆయుష్షు. అమెరికాలోని అసాటీగ్ దీవిలో అడవి గుర్రాలకు 1994 నుంచి ఏళ్ళ తరబడి పీజెడ్‌పీ అనే గర్భనిరోధక టీకా దూరం నుంచి కొట్టి సంతానం ఆపారు. అక్కడ మంద తగ్గడానికి ఏళ్ళు పట్టింది, ఎందుకంటే ఈనే శ్రమ లేని ఆడ గుర్రాలు ఇంకా ఎక్కువ కాలం బతికాయి. బయట తిరిగే ఎలుకల్లో చాలా భాగం ఏడాది కూడా బతకవు. కొత్త పిల్లలు ఆగితే నెలల్లోనే గుంపు పలచబడాలి.

కాలువ వెంట, గోదాముల బయట 14 పెట్టెలు పెట్టి వారానికి రెండుసార్లు మందు తూచి నింపాం. మొదటి నెల ఏమీ కనబడలేదు. ఆ నెలలో యజమాని మూడుసార్లు ఫోన్ చేశారు, నేను మూడుసార్లూ ఆగమన్నాను. మందు మొదలయ్యేసరికే కడుపుతో ఉన్నవి ఈనుతాయి, పుట్టిన పిల్లలు పెరుగుతాయి. మూడో నెలలో కెమెరాల్లో చిన్న ఎలుకలు కనిపించడం తగ్గింది. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే. మొత్తం సంఖ్య ఆలస్యంగా మారుతుంది, పిల్లల వాటా ముందు మారుతుంది. నెలకోసారి బోనుల్లో పడ్డ ఆడ ఎలుకల్ని కోసి గర్భాశయం చూశాను. లోపల పిల్లలున్నాయా, పాత ఈతల నల్ల మచ్చలున్నాయా అని. మందుకు ముందు చాలావాటి కడుపులో పిల్లలున్నాయి. ఐదో నెలకు ఒకటో రెండో. వాటిలో పాత మచ్చలు లేని ఒక ఆడదాని కడుపులో పిల్లలు కనబడ్డాయంటే అది తొలి చూలుది, కొత్తగా వచ్చిందై ఉండవచ్చని పక్కన రాసుకున్నాను.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ ఐదో నెలలోనే కాలువ తూములకు ఇనుప జల్లెడలు బిగించారు, గోడ సందులు సిమెంటుతో మూశారు. ఎలుక పిల్ల దూరడానికి 12 మిల్లీమీటర్ల సందు చాలు, కాబట్టి వేలు పట్టిన ప్రతి కన్నమూ మూయించాం. ఆ ఇనుప సామాను కుప్ప కూడా అప్పుడే తీశాం. కాబట్టి గుంపు తగ్గడంలో మందు వాటా ఎంత, జల్లెడ వాటా ఎంత అని విడదీసి చెప్పను. గర్భాశయాలు మాత్రం మందు గురించే చెప్పాయి. జల్లెడ ఎలుకను ఆపుతుంది, దాని చూలును ఆపదు.

పావురాల గురించి రెండు మాటలు. లారీల జాగాలో ఒలికిన గింజలకు వందలాది పావురాలు చేరేవి. వాటికీ విషపు గింజలు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఆ గింజలు ఏ పక్షి తింటుందో మన చేతిలో ఉండదు. నికార్బజిన్ గురించి ఆలోచించాను. అది 1950లలో కాక్సిడియోసిస్ అనే కోళ్ళ పేగుల జబ్బుకు వచ్చిన మందు. గుడ్లు పెట్టే కోళ్ళకు వేస్తే ఆ గుడ్లు పొదగకపోవడం గమనించారు. ఆ దుష్ప్రభావాన్నే ఇప్పుడు పావురాల సంతాన నిరోధానికి వాడుతున్నారు. రోజూ తినాలి, ఆపితే కొన్ని రోజుల్లో గుడ్లు మామూలవుతాయి. తీరా రోజూ జాగా ఊడ్పించడం మొదలుపెట్టాక పావురాలు వాటంతట అవే పలచబడ్డాయి. నికార్బజిన్ పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మిల్లులో విషం పెట్టెలు లోపల నాలుగే ఉన్నాయి, వాటిలోనూ ఉత్త మైనపు దిమ్మెలే. ఎవరైనా కొరికితే తెలియడానికి, అంతే. కొరికితేనే విషం పెడతాం, కొరకడం ఆగగానే తీసేస్తాం. తాగే మందు కాలువ వెంట కొనసాగుతోంది. బీడు ఉన్నంతకాలం అది ఉండాల్సిందే. షెడ్డులో ఒంటరిగా మిగిలిన గుడ్లగూబకు పదకొండో నెలలో జత దొరికింది. నేల మీద మళ్ళీ రెండు చోట్ల ముద్దలు పడుతున్నాయి. వాటిని ఇప్పటికీ విప్పి చూస్తున్నాను. పుర్రెల పక్కన చిన్న ఎలుకల దవడలు వస్తున్నాయా అని వెతుకుతాను, పిల్లల వాటా తెలుసుకోవడానికి అది కూడా ఒక లెక్కే.

పోయిన వారం రంగు ఎర మళ్ళీ గోడ బయట పెట్టాం. మూడో రోజు తూర్పు గోదాము మూల ఒక్కటంటే ఒక్క నీలం పెంటిక దొరికింది. దాని ఎదురుగా గోడలో, నేలకు జానెడు ఎత్తున, ఒక ఇటుక మూల రాలిపోయి ఉంది. మధ్యాహ్నానికి సిమెంటు వేయించి, పక్కనే రెండు బోనులు పెట్టి వచ్చాను.